రాడ్ పొడవెక్కువైందా? కొయ్యబోయే ముందు ఒక్క మాట

అందరికీ నమస్కారం అండీ. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే, మైక్ కొంచెం దగ్గరికి లాక్కుంటా.

ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం ఏంటంటే, ముచ్చటపడి కస్టమ్‌గా కట్టించుకున్న ఫిషింగ్ రాడ్ తీరా చేతికొచ్చాక పొడవెక్కువైంది అనిపిస్తే ఏం చెయ్యాలి, కొయ్యొచ్చా, కోస్తే ఎక్కడ కొయ్యాలి అని. రాడ్లు కట్టే పని చేసేవాళ్ళం ఎవర్ని అడిగినా చెప్తారు, ఈ ప్రశ్న రాని నెల ఉండదు. షాపులో కొన్న రాడ్ అయితే నచ్చకపోతే ఎవరికో ఇచ్చేస్తాం, ఇంకోటి తెచ్చుకుంటాం, కానీ కస్టమ్ రాడ్ అలా కాదు కదా, దారం రంగు దగ్గర్నుంచి మీరే ఎంచుకున్నారు, పేరు కూడా రాయించుకుని ఉంటారు, దాన్ని వదులుకోవాలంటే మనసొప్పదు. అందుకే ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, అది ముందే చెప్పేస్తా. "రాడ్ పొడవెక్కువైంది" అన్న మాట మీద ఎప్పుడూ రంపం పట్టుకోకూడదు. ఏ పొడవు ఎక్కువైందో తేలాకే పట్టుకోవాలి.

ఎందుకంటే రాడ్‌కి పొడవు ఒకటి కాదు, రెండు. రీల్, అదే లైన్ చుట్టుకునే చక్రం, అది కూర్చునే చోటు నుంచి ముందుకి కొస దాకా ఒక పొడవు, రీల్ నుంచి వెనక్కి మొదలు దాకా ఇంకో పొడవు. ఈ రెండూ చేసే పనులు వేరు, పెట్టే ఇబ్బందులు కూడా వేరు. వెనక పొడవు ఎక్కువైతే రాడ్ మోచేతికి తగుల్తుంది, లైఫ్ జాకెట్‌లో ఇరుక్కుంటుంది, కయాక్‌లో కూర్చుని తిప్పాలంటే పొట్టకి అడ్డం పడుతుంది. ముందు పొడవు ఎక్కువైతే విసిరేటప్పుడు చెట్ల కొమ్మలకి తగుల్తుంది, కొస బరువుగా వాలిపోతూ ఉంటుంది, సాయంత్రానికి మణికట్టు లాగేస్తుంది. ఇంకా మూడో రకం కూడా ఉంది, నీళ్ళ దగ్గర ఏ ఇబ్బందీ లేదు, రాడ్ అద్భుతంగా ఉంది, కానీ కార్లో పట్టట్లేదు. ఈ మూడు రకాలవాళ్ళూ వచ్చి అనేది మాత్రం ఒకే మాట, "అన్నా, పొడవెక్కువైంది, ఒక ఆరంగుళాలు తీసెయ్". మూడింటికీ మందు వేరు అండీ. మూడోవాళ్ళకి అయితే అసలు పొడవు తగ్గించాల్సిన పనే లేదు, జాయింట్ వేస్తే సరిపోతుంది, దాని సంగతి తర్వాత చెప్తా.

ముందు కొలవండి. రీల్ బిగించి, లైన్ ఎక్కించి, మీరు నిజంగా ఎలా పట్టుకుంటారో అలా పట్టుకోండి. ఒంటి చేత్తో విసిరే రాడ్ అయితే వెనక గ్రిప్‌ని ముంజేతి పొడుగునా ఆనించి చూడండి, మొదలు మోచేయి దగ్గర ఆగాలి, దాన్ని దాటి బయటికొచ్చి బట్టలకి పట్టుకుంటోంది అంటే ఎంత దాటిందో అంతే మీ సమస్య. రెండు చేతులతో విసిరేవాళ్ళకి ఈ కొలత పనికిరాదు, వాళ్ళకి కింది చెయ్యి లాగడానికి పొడవు కావాలి, ఆ పొడవులోంచే విసురు వస్తుంది. అక్కడ కోసేస్తే దూరం పోతుంది.

ముందు పొడవు సంగతి పరీక్షించడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. రీల్‌ని సీట్‌లోంచి తీసి, హ్యాండిల్‌కి ముందు ఆరంగుళాల దూరంలో బ్లాంక్ మీద, అంటే రాడ్ అసలు కర్ర మీద, కొంచెం మెత్తటి టేప్ చుట్టి, దాని మీద రీల్ కాళ్ళు పెట్టి ఎలక్ట్రికల్ టేప్‌తో బిగించండి. ఖాళీ మైదానంలో హుక్ లేకుండా తేలికపాటి బరువు కట్టి మెల్లగా విసిరి చూడండి. వెనక హ్యాండిల్ పొడుచుకుని వస్తుంది, దాన్ని పట్టించుకోకండి, ముందు భాగం ఆరంగుళాలు తక్కువ ఉంటే ఎలా ఉంటుందో చెయ్యి చెప్పేస్తుంది. సముద్రం ఒడ్డున సర్ఫ్ రాడ్లు వాడేవాళ్ళకి ఇదేం కొత్త కాదు, వాళ్ళలో కొంతమంది రీల్ సీటే పెట్టించుకోరు, కోస్టర్లని ఉంటాయి, బిగించే క్లిప్పులు, వాటితో ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళు రీల్‌ని పైకీ కిందకీ జరుపుకుంటారు. ఈ పరీక్షకి పది రూపాయల టేప్ తప్ప ఏం ఖర్చు లేదు, టేప్ విప్పితే మళ్ళీ పాత రాడ్ పాత రాడ్డే. కోసిన ముక్క మాత్రం మళ్ళీ అతకదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. బ్లాంక్‌ని ఎక్కడ కోస్తే ఏమవుతుంది?

బ్లాంక్ అంటే మొదలు దగ్గర లావుగా ఉండి కొసకి సన్నబడుతూ పోయే బోలు గొట్టం కదా. గొట్టం ఎంత గట్టిగా ఉంటుందనేది, గోడ మందం ఒకటే అనుకుంటే, దాని వ్యాసం ఘనంతో పాటు పెరుగుతుంది. అంటే 2 మిల్లీమీటర్ల దగ్గర 8 అనుకుంటే 3 మిల్లీమీటర్ల దగ్గర 27, మూడు రెట్లకి పైన. కొస దగ్గర ఉన్న ఆ సన్నటి కొంచెం భాగంలోనే రాడ్ గుణం అంతా దాగి ఉంది, చిన్న ఎరని విసిరే శక్తి, చేప ముట్టుకుంటే తెలిసే స్పర్శ, అన్నీ అక్కడే. కొస నుంచి రెండంగుళాలు తీస్తే రాడ్ ఎంత మారిపోతుందో, మొదలు నుంచి ఆరంగుళాలు తీసినా అంత మారదు, ఇది ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ ఒప్పుకునే మాట. కొస కోస్తే రాడ్ మొద్దుబారుతుంది, ముందు 5 గ్రాముల ఎరతో కూడా చక్కగా వంగి విసిరేది ఇప్పుడు అంత తేలికదానికి కదలదు, ఇంకా బరువు అడుగుతుంది. కొస వేగంగా వంగి వెనక్కొచ్చే గుణం కూడా పోతుంది, ఎందుకంటే ఆ గుణం ఉన్న ముక్కనే మనం తీసేశాం. కొసకి బోలు లేని సాలిడ్ ముక్క అతికించిన రాడ్లు కొన్ని ఉంటాయి, వాటి కొస మాత్రం ముట్టుకోకండి, అతుకు దాకా వెళ్ళిపోతే ఇంక అది వేరే రాడ్డే.

మొదలు కోస్తే? విసురులోనూ స్పర్శలోనూ పెద్దగా తేడా రాదు. అన్నిటికంటే లావైన, అన్నిటికంటే తక్కువ వంగే ముక్క పోతుంది, అంతే. అందుకే నా మాట ఎప్పుడూ ఒకటే, కొయ్యాల్సి వస్తే మొదలు వైపే చూడండి, కొస విరిగి తప్పనిసరైతే తప్ప కొస జోలికి పోవద్దు.

ఇక్కడే ఒకటి బాగా అర్థం చేసుకోవాలి. మొదలు కోస్తే తగ్గేది వెనక పొడవు. మీ ఇబ్బంది ముందు పొడవుతో అయితే మొదలు ఎంత కోసినా ఉపయోగం ఏం లేదు, రీల్ నుంచి కొస దాకా దూరం అలాగే ఉంటుంది కదా, పైగా వెనక బరువు పోయి కొస ఇంకా వాలిపోతుంది. ముందు పొడవు తగ్గాలంటే హ్యాండిల్ మొత్తం ఊడదీసి బ్లాంక్ మీద పైకి జరిపి, కింద మిగిలింది కొయ్యాలి. అది పెద్ద పని. దాని గురించి కూడా చెప్తా గానీ ముందు తేలికైనది చెప్తా.

వెనక గ్రిప్ కొయ్యడం. రాడ్ అడుగున రబ్బర్ మూత ఉంటుంది, దాన్ని కాసేపు వేడి నీళ్ళలో ముంచి పట్టుకుంటే లోపలి జిగురు మెత్తబడుతుంది, అప్పుడు మెల్లగా అటూఇటూ తిప్పుతూ లాగితే వచ్చేస్తుంది. లోపల చూడండి, బ్యాలెన్స్ కోసం బరువులు పెట్టి ఉండొచ్చు, వాటిని పక్కన దాచండి, పనికొస్తాయి. కార్క్ గ్రిప్ అయితే దగ్గరగా చూస్తే అది ఒకటే ముక్క కాదు, అరంగుళం మందం ఉన్న చక్రాలు ఒకదాని పక్కన ఒకటి అతికించి చేసింది. ఆ రెండు చక్రాల మధ్య గీత మీదే కోత వచ్చేట్టు లెక్క వేసుకుంటే కోత చాలా శుభ్రంగా వస్తుంది, అందుకే మీకు రెండుంపావు అంగుళాలు తీయాలనిపించినా రెండు దగ్గర ఆగితే మంచిది. పదునైన బ్లేడుతో ముందు కార్క్‌ని చుట్టూ బ్లాంక్ దాకా కోసి ఆ ముక్క తీసెయ్యండి, అప్పుడు బ్లాంక్ కనిపిస్తుంది. ఈవీఏ ఫోమ్, అదే మెత్తటి స్పాంజిలాంటి గ్రిప్ అయితే ఇంకా తేలిక.

ఇప్పుడు బ్లాంక్. కోసే చోట మాస్కింగ్ టేప్ మూడు నాలుగు చుట్లు గట్టిగా చుట్టి దాని మధ్యలో గీత గీసుకోండి. అంగుళానికి 32 పళ్ళుండే సన్న హాక్సా బ్లేడ్ వాడండి, లేదా చిన్న మోటారుకి తగిలించే కటింగ్ డిస్క్ ఉంటే మరీ మంచిది. పై నుంచి కిందకి ఒకే వైపు కోసుకుంటూ పోకూడదు. కొంచెం కోసి రాడ్ తిప్పాలి, మళ్ళీ కొంచెం కోసి తిప్పాలి, అలా చుట్టూ గాడి పడి ఆఖరికి ముక్క దానంతటదే ఊడి రావాలి. ఎందుకంటే బ్లాంక్‌లో పీచులు ఎక్కువ భాగం పొడుగునా ఉంటాయి. ఒకే వైపు నుంచి కోసుకుంటూ వెళ్తే ఆఖర్న మిగిలిన నాలుగు పీచులు ముక్క బరువుకి తెగకుండా చీలతాయి, ఆ చీలిక లోపల్లోపలే పైకి పాకుతుంది. బయటికి ఏం కనపడదు, ఒకరోజు మంచి చేప పడ్డప్పుడు తెలుస్తుంది.

పైపులు కోసే కట్టర్ ఉంటుంది కదా, చక్రంతో నొక్కి తిప్పేది, దాన్ని మాత్రం బ్లాంక్ దగ్గరికి రానివ్వకండి. అది నొక్కుతుంది, బ్లాంక్ గోడకి ఆ నొక్కుడు పనికిరాదు. దీని వెనక ఒక మంచి శాస్త్రం ఉంది. ప్లాస్టిక్ స్ట్రాని వంచితే ఏమవుతుంది, ముందు గుండ్రం పోయి కోలగా అణుగుతుంది, తర్వాత ఒక్కసారిగా మడత పడుతుంది. బోలు గొట్టం ఏదైనా వంగితే ఇలాగే అణగాలని చూస్తుందని 1927లో బ్రేజియర్ అనే ఆయన లెక్కలతో సహా చూపించాడు, దాన్ని ఇప్పటికీ బ్రేజియర్ ఎఫెక్ట్ అనే అంటారు. రాడ్ బ్లాంక్‌లో పొడుగు పీచులతో పాటు అడ్డంగా చుట్టూ తిరిగే పీచులు కూడా వేసేది ఇందుకే, గుండ్రాన్ని కాపాడ్డానికి. మనం ఎక్కడైనా నొక్కి ఆ అడ్డం పీచుల్ని పగలగొడితే ఆ చోటు బలహీనమైపోయినట్టే.

బ్లాంక్ కోసేటప్పుడు లేచే కార్బన్ దుమ్ము గురించి మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మాస్క్, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. కోసేటప్పుడు, రుద్దేటప్పుడు నీళ్ళు చల్లుకుంటూ చేస్తే దుమ్ము లేవదు. కోసిన అంచుని 400 నంబర్ వాటర్ పేపర్‌తో తడిగా రుద్ది లోపలా బయటా నున్నగా చెయ్యండి, చేత్తో తడిమి చూడొద్దు, గాజు ముల్లులాగా గుచ్చుకునే పీచులుంటాయి అక్కడ. తర్వాత అంచు మీద పల్చగా ఎపాక్సీ జిగురు పూస్తే పీచులు విడిపోకుండా, నీళ్ళు పీల్చకుండా ఉంటాయి. మూత మళ్ళీ పెట్టెయ్యడమే, కొత్త అంచు దగ్గర గ్రిప్ లావు వేరే ఉంటే మూత లోపలికి పోయేంత మేర కార్క్‌ని రుద్దుకోండి.

ఇప్పుడు బ్యాలెన్స్ చూడండి. వెనక తగ్గింది కాబట్టి కొస వాలుతుంది. ఇక్కడ చాలామంది పాత బరువులే మళ్ళీ పెట్టి సరిపోలేదేంటి అనుకుంటారు. రీల్ నుంచి 12 అంగుళాల దూరంలో 20 గ్రాములు చేసే పనిని 8 అంగుళాల దూరంలో చెయ్యాలంటే 30 గ్రాములు కావాలి, దూరం తగ్గింది కాబట్టి బరువు పెరగాలి. అంటే రాడ్ పొట్టిదైంది గానీ చేతిలో మొత్తం బరువు పెరిగిందన్నమాట. అందుకే రెండు మూడంగుళాలు దాటి వెనక కొయ్యాలనుకునేవాళ్ళని నేను రెండోసారి ఆలోచించమంటా.

సరే, ముందు పొడవు తగ్గించే పెద్ద పని. దాని లాభం కూడా చెప్పాలి, లేకపోతే అంత కష్టం ఎందుకు పడాలి. సన్నబడకుండా ఒకే లావుగా ఉన్న కర్ర అనుకుని లెక్క వేస్తే, పొడవు పదో వంతు తగ్గితే ఊపడానికి కావాల్సిన ప్రయాస 27 శాతం తగ్గుతుంది, 0.9 ఘనం 0.729 కదా. అదే బరువు వేలాడదీస్తే వంగేది కూడా అంతే తగ్గుతుంది. అసలు రాడ్ సన్నబడుతూ పోతుంది కాబట్టి అంకె అచ్చంగా అదే రాదు, కానీ కొద్ది అంగుళాలకే చెయ్యి అంత తేడా ఎందుకు చెప్తుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. చేపతో పోరాడేటప్పుడు కూడా పొట్టి రాడ్డే మనకి అనుకూలం, పొడుగు రాడ్ చేపకి పొడుగు మీట అవుతుంది. పోయేది విసిరే దూరం. అదే వేగంతో తిప్పితే కొస వేగం పొడవుని బట్టే ఉంటుంది కాబట్టి పొడవు తగ్గితే దూరం తగ్గాల్సిందే, గురి మాత్రం బాగుపడుతుంది. ఇది ఇష్టమేనా కాదా అన్నది మీరు చేపలు పట్టే చోటుని బట్టి ఉంటుంది.

హ్యాండిల్ ఊడదియ్యడంలో ఏదీ మిగలదనుకునే మొదలుపెట్టండి. రీల్ సీట్ ఎపాక్సీతో అతికించి ఉంటుంది, వేడి చేసి లాగితే వస్తుందని కొందరు ప్రయత్నిస్తారు, ఆ వేడికి బ్లాంక్‌లో పీచుల్ని పట్టి ఉంచే రెజిన్ దెబ్బతింటుంది. కార్క్‌ని పొడుగునా చీల్చి ముక్కలుగా తీసెయ్యడం, సీట్‌ని పొడుగునా రెండు వైపులా గాడి పెట్టి విప్పెయ్యడం, ఇదే మంచిది. గాడి లోతు జాగ్రత్త, బ్లేడ్ బ్లాంక్‌ని తాకకూడదు. కొత్త సీట్, కొత్త గ్రిప్పులు కొనుక్కోవాల్సిందే. పైకి జరిపిన చోట బ్లాంక్ సన్నగా ఉంటుంది కాబట్టి సీట్ లోపలి ఖాళీ ఎక్కువవుతుంది, దాన్ని ఆర్బర్లతో, అంటే సందు నింపే రింగులతో నింపాలి, ఒట్టి ఎపాక్సీ పోసి నింపితే కొన్నాళ్ళకి కదిలి కిర్రుమంటుంది.

రీల్ పైకి జరిగితే గైడ్ల, అంటే లైన్ దూరి పోయే రింగుల లెక్క కూడా మారిపోతుంది, మొదటి గైడ్ రీల్‌కి మరీ దగ్గరైపోతుంది. గైడ్లు కింద వేలాడే స్పిన్నింగ్ రాడ్ అయితే గైడ్లు తయారుచేసే ఫ్యూజీ కంపెనీ వాళ్ళ పద్ధతి ఒకటుంది, రీల్‌లో లైన్ చుట్టుకునే స్పూల్ వ్యాసాన్ని 27తో గుణిస్తే లైన్ వలయాలు అణగాల్సిన చోక్ గైడ్ ఎంత దూరంలో ఉండాలో వస్తుంది. 45 మిల్లీమీటర్ల స్పూల్ అయితే 1215 మిల్లీమీటర్లు. అది మొదలుపెట్టే చోటు మాత్రమే, చివరి మాట బ్లాంక్‌దే. గైడ్లన్నీ టేప్‌తో తాత్కాలికంగా అంటించి, లైన్ ఎక్కించి, కొస వైపు లాగి రాడ్‌ని బాగా వంచి పక్క నుంచి చూడండి. లైన్ బ్లాంక్ వంపుని అనుసరించాలి, ఎక్కడైనా రెండు గైడ్ల మధ్య సూటిగా పోయి కోణం చేస్తోంది అంటే అక్కడ గైడ్ జరగాలి. గైడ్లు పైన ఉండే కాస్టింగ్ రాడ్ అయితే లైన్ బ్లాంక్‌ని తాకుతోందా అన్నది కూడా చూడాలి.

గైడ్ ఊడదియ్యడం దగ్గర చాలా రాడ్లు పాడవుతాయి కాబట్టి ఇది నెమ్మదిగా చెప్తా. గైడ్‌కి లోహపు కాలు ఉంటుంది, దాని మీద దారం, దారం మీద ఎపాక్సీ. మీ బ్లేడ్ ఎప్పుడూ ఆ లోహపు కాలు మీదే నడవాలి. కాలు పొడుగునా పైన చిన్నగా గీసుకుంటూ వెళ్తే ఎపాక్సీ తెగుతుంది, దారం తెగుతుంది, కింద ఉన్న లోహం బ్లేడ్‌ని బ్లాంక్ దాకా పోనివ్వదు. తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి పెడితే ఎపాక్సీ రబ్బరులా అవుతుంది, చెయ్యి పెట్టలేనంత వేడి అయితే ఆపెయ్యండి. అప్పుడు కాలు పక్క నుంచి గోరుతో గిల్లి లాగితే పొరలుగా వచ్చేస్తుంది. మిగిలిన జిగురుని బ్లేడ్ వెనక వైపుతోనో ప్లాస్టిక్ ముక్కతోనో గీకాలి, పదును వైపు పనికిరాదు. బ్లాంక్ మీద ఒక్క గీత పడినా వంగినప్పుడు బలం అంతా ఆ గీత దగ్గరే చేరుతుంది.

మళ్ళీ కట్టేటప్పుడు గైడ్ కాలు చివర ఆకురాయితో ఏటవాలుగా సన్నగా రాసుకోవాలి, దారం బ్లాంక్ మీద మొదలై ఆ ఏటవాలు ఎక్కుతూ పోవాలి. మొద్దుగా వదిలేస్తే దారం ఎక్కడానికి మొరాయిస్తుంది, ఆ అంచు బ్లాంక్‌లోకి గుచ్చుకుంటుంది కూడా. చివరి ఐదారు చుట్ల కింద దారపు ఉచ్చు ఒకటి పెట్టుకుని, దాంట్లోంచి కొసని లాగితే ముడి లేకుండా లోపలే ఇమిడిపోతుంది. రెండు భాగాల ఎపాక్సీ సరిసమానంగా కొలిచి కలపాలి, కళ్ళతో అంచనా వద్దు, సిరంజిలతో కొలవండి. పూశాక రాడ్ తిరుగుతూనే ఉండాలి, మోటార్ లేకపోతే గట్టిపడే దాకా కాసేపటికోసారి పావు చుట్టు తిప్పుతూ కూర్చోవాలి, లేదంటే కిందకి జారి బొట్టు కడుతుంది.

కారులో పట్టట్లేదన్నవాళ్ళ సంగతి. మీ రాడ్‌ని దయచేసి పొట్టిది చెయ్యకండి, రెండు ముక్కలు చేయించండి. గైడ్లకి అడ్డం రాని చోట, వీలైనంత హ్యాండిల్‌కి దగ్గరగా కోసి, లోపల ఇంకో బ్లాంక్ ముక్కని స్పిగాట్‌గా కింది భాగంలో అతికిస్తారు, పై భాగం దాని మీద కూర్చుంటుంది. రెండు భాగాల మధ్య కొంచెం సందు వదులుతారు, అరిగే కొద్దీ పై ముక్క కిందకి దిగడానికి. ఆ సందు చూసి పని సరిగ్గా చెయ్యలేదనుకోకండి, అది ఉండాలి. కోసిన రెండు అంచుల మీదా దారం గట్టిగా చుట్టాలి, లేకపోతే చీలతాయి. ఇది మాత్రం అనుభవం ఉన్నవాళ్ళ చేతే చేయించండి, వేరే మాట లేదు.

ప్రశ్నలున్నాయా? అడగండి.

"కొస విరిగింది, నాలుగంగుళాలు పోయింది, ఏం చెయ్యాలి?" అంటున్నారు. విరిగింది కాబట్టి ఇంక కొస వైపు పనే. చీలిక ఎంత దాకా వెళ్ళిందో చూసి అది పూర్తిగా పోయే దాకా పైన చెప్పినట్టే టేప్ చుట్టి కొయ్యండి. పాత టిప్ టాప్, అదే కొసకి తొడిగే రింగు, ఇంక సరిపోదు, లావు పెరిగింది కదా. టిప్ టాప్ సైజులు అంగుళంలో 64వ వంతుల్లో ఉంటాయి, 5 సైజ్ అంటే 5/64 అంగుళం, ఇంచుమించు 2 మిల్లీమీటర్లు. కాలిపర్‌తో కొలిచి తెచ్చుకోండి. అతికించడానికి వేడికి కరిగే టిప్ జిగురే వాడండి, సూపర్ గ్లూ వద్దు, రేపు రింగు అరిగితే మళ్ళీ తియ్యాలి కదా. తీసేటప్పుడు మంట లోహపు గొట్టానికే చూపించాలి, అదీ కొద్దిగా, తిప్పకుండా సూటిగా లాగాలి. పెట్టేటప్పుడు మొదలు వైపు నుంచి ఒక కన్ను మూసి గైడ్లన్నిటి వరసలో ఉందో లేదో చూసుకోండి, జిగురు ఆరేలోపు సర్దుకోవచ్చు. నాలుగంగుళాలు పోయింది కాబట్టి కొస పక్కన గైడ్ ఒకటో రెండో జరపాల్సి రావొచ్చు, వంచి చూస్తే తెలుస్తుంది. ఇంకా ముందులా తేలిక ఎరలు విసరదు, కొంచెం బరువైనవి కట్టి చూడండి, దానికి నచ్చే బరువు అదే చెప్తుంది.

ఇంకొకరు రికార్డుల గురించి అడుగుతున్నారు, మంచి ప్రశ్న. చేపల రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్ఏ నిబంధనల ప్రకారం రీల్ మధ్యభాగం కింద నుంచి కొలిస్తే కొస వైపు కనీసం 40 అంగుళాలు ఉండాలి, మొదలు వైపు 27 అంగుళాలు మించకూడదు. సర్ఫ్ కాస్టింగ్ రాడ్లకి ఈ కొలతలు వర్తించవు. ఫ్లై రాడ్‌కి మొత్తం పొడవు ఆరడుగులకి తగ్గకూడదు. చూశారా, వాళ్ళు కూడా ముందు, వెనక వేరువేరుగానే కొలుస్తున్నారు. మామూలు రాడ్ కోస్తే ఈ హద్దుల దాకా రావడం అరుదు, కానీ పడవ మీద వాడే పొట్టి రాడ్లు ఇంకా పొట్టి చేసేవాళ్ళు చూసుకోవాలి.

వారంటీ అండీ? కట్టినాయన్ని కొయ్యకముందే అడగండి. మీరు కోశాక ఏ కంపెనీ బాధ్యత తీసుకోదు, అది న్యాయమే. కట్టినాయన దగ్గర ఆ బ్లాంక్ వివరాలుంటాయి, ఎక్కడ ఎంత మందమో తెలుసు, కొన్నిసార్లు ఆయనే చేసి పెడతారు. చేశాక హ్యాండిల్ పైన రాసిన పొడవు, ఎర బరువు కూడా మార్పించండి, రేపు ఆ రాడ్ ఇంకొకరి చేతికి వెళ్తే ఆ అంకెలు నమ్మే వాడతారు.

ఆఖరి ప్రశ్న, పూత వేశాక ఎన్నాళ్ళకి చేపలకి తీసుకెళ్ళొచ్చు అని. ముట్టుకుంటే అంటుకోకుండా ఉండటానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది, కానీ లోపల పూర్తిగా గట్టిపడటానికి ఇంకొన్ని రోజులు కావాలి, చల్లగా ఉండే గదిలో ఇంకా ఎక్కువ. డబ్బా మీద రాసినంత సమయం ఆగండి. గోరుతో నొక్కితే గుర్తు పడుతోంది అంటే ఇంకా ఆరలేదు. అది దాటాక కూడా మొదటిసారి గోడకి లైన్ కట్టి మెల్లగా వంచి, గైడ్ కాళ్ళ దగ్గర తెల్లటి గీతలు కనపడుతున్నాయేమో చూసుకుని అప్పుడు నీళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఇక్కడ టేబుల్ మీద కోసిన బ్లాంక్ ముక్కలు పెట్టాను, సరిగ్గా కోసినవీ ఉన్నాయి, పైపు కట్టర్‌తో నలిగినవీ ఉన్నాయి, అంచులకి టేప్ వేసే ఉంది, దగ్గరికొచ్చి చేతుల్లోకి తీసుకుని చూడండి.